మనుషుల జిరాక్స్

హనుమత్ప్రసాద్ గారి ఎదుట నిలబడి తల గోక్కోకూడదు. గోక్కుంటే ఆయనా గోక్కుంటారు. మీరు చేతులు కట్టుకుంటే ఆయనా కట్టుకుంటారు. మీరు ఒంటికాలి మీద బరువు వేస్తే, తొంభై అయిదు కిలోల ఆ మనిషి కూడా ఒంటికాలి మీదకు ఒరుగుతారు. వెక్కిరిస్తున్నారనుకుని కోపంగా వేలు చూపించారా, మీ ముక్కు ముందు ఇంకో వేలు లేస్తుంది.

అమీర్‌పేటలో ఆయన అద్దెకున్న మేడ కిందే హైదర్ జిరాక్స్ దుకాణం. ఒకరోజు హైదర్ పైకి చూసి, "నాది కాగితాల జిరాక్స్, సారుది మనుషుల జిరాక్స్. నా మిషిన్‌కు స్విచ్ ఉంది, గంతే ఫరక్" అన్నాడు. వీధంతా ఆ పేరే ఖాయం చేసింది.

సామర్లకోట నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా యాస వదలని ప్రసాద్ గారు తన గది గుమ్మానికి 'డాన్స్ మూవ్‌మెంట్ థెరపిస్ట్' అని బోర్డు పెట్టారు. నోటితో చెప్పుకోలేని బాధను ఒంటి కదలికతో బయటికి తీయించడం ఆయన వృత్తి. మాటలు రాని పిల్లలు, పరీక్షల భయంతో మెడలు బిగుసుకుపోయిన హాస్టల్ కుర్రాళ్ళు ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. కానీ సందుకో కోచింగ్ సెంటరున్న అమీర్‌పేటలో బోర్డు పెడితే అది కోర్సు కిందే లెక్క. వారానికి పదిమంది మెట్లెక్కి, డెమో క్లాసు ఎప్పుడు, ఎన్ని రోజుల్లో పూర్తవుతుంది, ప్లేస్‌మెంట్ గ్యారంటీ ఉందా అని అడిగి పోయేవాళ్ళు. ఒకడైతే మెటీరియల్ కోసం తిన్నగా హైదర్ దుకాణానికే వచ్చాడు.

గదిలో ఉన్నంతసేపూ ఆ అలవాటు వైద్యమే. గది దాటాకే చిక్కు. ఒకసారి మెట్రో స్టేషన్లో సెక్యూరిటీ గార్డు, చేతులు ఇలా చాపాలని తన చేతులు చాపి చూపించాడు. ప్రసాద్ గారు చాపారు. అక్కడిదాకా బాగానే ఉంది. గార్డు ఆయన జేబులు తడిమాడు. ప్రసాద్ గారు గార్డు జేబులు తడిమారు. వెనక వరసలో ఉన్న హైదర్, ఆయనెవరో తనకు తెలియనట్టు ముఖం తిప్పుకున్నాడు.

మేడ యజమాని మహిపాల్ కూడా ఒకరోజు, పైన ఆ దబదబ చప్పుళ్ళేమిటని గొడవ పెట్టుకోవడానికి మెట్లెక్కాడు. అతను నడుం మీద చేతులు పెట్టాడు, ఆయనా పెట్టారు. అతను వేలు ఊపాడు, ఆయనా ఊపారు. పది నిమిషాలయ్యేసరికి ఇద్దరూ భుజాలు ఎగరేస్తూ కనిపించారట. మహిపాల్ ఒళ్ళు తేలికపడినవాడిలా కిందికి దిగి, "కొట్లాటకు పోయిన హైదర్ భాయ్. ఏమైందో సమజ్ కాలె, పాణం హల్కగున్నది" అన్నాడు.

"ఎందుకు సార్ గిట్ల చేస్తరు?" అని హైదర్ ఒకసారి అడిగేశాడు, గడ్డం నిమురుకుంటూ.

"ఎదుటి మనిషి ఎలా కదుల్తున్నాడో మనమూ అలా కదిలితేనండీ, ఆయన ఒంట్లో ఏముందో మన ఒంటికి తెలుస్తుంది," అన్నారు ప్రసాద్ గారు, లేని గడ్డం నిమురుకుంటూ.

"ఎవడన్న ఒక్కటి పీకితే?"

"ఇంకా ఆ పాఠం దాకా రాలేదండీ."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని హైదర్ వదిలేశాడు. వదిలెయ్యలేని రోజు కూడా వచ్చింది.

హైదర్ తండ్రి అబూబకర్ ట్రాఫిక్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి. ఆరు నెలల కింద పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మాటకు ఢోకా లేదని డాక్టర్లు అన్నారు, అయినా ముసలాయన నోరు విప్పలేదు. పొద్దున దుకాణం ముందు కుర్చీలో కూర్చోబెడితే సాయంత్రం దాకా అలాగే ఉండేవాడు. ఉండి ఉండి కుడిచెయ్యి మాత్రం లేపి ఆడించేవాడు. ఈగలు తోలుకుంటున్నాడని కోడలు ఉమైరా టేబుల్ ఫ్యాన్ పెట్టింది. హైదర్ దోమల బ్యాట్ కొన్నాడు. చెయ్యి ఆగలేదు. దారిన పోయేవాళ్ళు చూసి నవ్వుతుంటే హైదర్ మనసు చివుక్కుమనేది. "జర ఊకుండు అబ్బాజాన్" అని ఆ చెయ్యి పట్టుకుని ఒళ్ళో పెట్టేవాడు. తండ్రి తనకు కాకుండా పోతున్నాడన్నదే అతని దిగులు.

అలాంటిది ఒక సోమవారం ప్రసాద్ గారు టిఫిన్ డబ్బాతో మెట్లు దిగి, ముసలాయన ఎదురుగా నిలబడ్డారు. ఆయన చెయ్యెత్తాడు, ఈయనా ఎత్తారు. ఆయన ఆడించాడు, ఈయనా ఆడించారు. టీ కొట్టు దగ్గర జనం గొల్లుమన్నారు. మంగళవారం అంతే, బుధవారం అంతే. గురువారమైతే భోజనానికి ముందు ఇంకో విడత కూడా వేశారు.

లోకాన్నంతా వెక్కిరిస్తే నవ్వుకున్న హైదర్‌కు ఇది పుండు మీద కారం చల్లినట్టయింది. జబ్బు మనిషిని హేళన చేసే కిరాయిదారును ఖాళీ చేయించాలని అర్జీ రాసి, వీధిలో పదకొండు సంతకాలు పెట్టించి మహిపాల్‌కు ఫోను చేశాడు. "నువ్వే వచ్చి నీ కండ్లతోని చూడు. ఆయనన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

శుక్రవారం పొద్దున మహిపాల్ స్కూటర్ సందులోకి తిరిగేసరికి హైదర్ అర్జీ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ప్రసాద్ గారు మెట్లు దిగారు. ముసలాయన అరచెయ్యి లేచింది. ఇప్పుడు చూడు అన్నట్టు హైదర్ కళ్ళెగరేశాడు.

ప్రసాద్ గారు చెయ్యెత్తలేదు. ఒక కాలు గాల్లో ఉండగానే టక్కున ఆగిపోయారు.

ముసలాయన చెయ్యి పక్కకు ఊగింది. ప్రసాద్ గారు టిఫిన్ డబ్బాను స్టీరింగులా పట్టుకుని, పెదాలతో బుర్రుమంటూ, కుర్చీ ముందు నుంచి తిరిగి టీ కొట్టును చుట్టి వచ్చారు. మధ్యలో గేరు కూడా మార్చారు. మళ్ళీ అరచెయ్యి లేచింది. ఆయన కీచుమని బ్రేకు వేశారు గానీ, బస్సు బరువు కాబట్టి రెండడుగులు ముందుకు పోయింది. ముసలాయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. ప్రసాద్ గారు బుద్ధిగా రెండడుగులు రివర్సు తీసుకున్నారు.

మహిపాల్ స్కూటర్ ముందుకు పోనివ్వబోయాడు.

"ఆగండి సార్, ఇంకా మీ వైపు వదల్లేదు," అన్నారు ప్రసాద్ గారు. మహిపాల్ కాలు కింద పెట్టి ఆగాడు.

అప్పుడాయన హైదర్ వైపు తిరిగారు. "ఈగలు కాదండీ. నాలుగు రోజులు మీ నాన్నగారు చేసినట్టే చేశాను, నా భుజానికి తెలిసింది. ఈగలు తోలేవాడు ఈగ వైపు చూస్తాడు. ఈయన ఖైరతాబాద్ వైపు నుంచి వచ్చే బండ్లను చూస్తున్నారు. ఈయన పంజాగుట్ట చౌరస్తాలో డ్యూటీలో ఉన్నారండీ. ఆరు నెలలుగా చెయ్యెత్తి ఆపుతున్నారు. ఒక్కరూ ఆగట్లేదు."

హైదర్ ఆ చేతి వైపు చూశాడు. చిన్నప్పుడు అదే చౌరస్తాలో తండ్రి ఒక్క చెయ్యెత్తి ఊరంతా ఆపి, తనను బడికి రోడ్డు దాటించేవాడు. ఆ చేతినే తాను ఆరు నెలలుగా పట్టుకుని ఒళ్ళో పెడుతున్నాడు. సిగ్గు, ప్రేమ రెండూ ఒక్కసారే తన్నుకొచ్చి గబగబా తండ్రి దగ్గరికి నడిచాడు. అరచెయ్యి లేచింది. కళ్ళనిండా నీళ్ళుండటంతో హైదర్ చూసుకోలేదు, నడుస్తూనే వచ్చాడు.

"రాంగ్ రూట్," అన్నాడు అబూబకర్.

ఆరు నెలల తర్వాత మొదటి మాట. నోరు తెరుచుకుని నిలబడ్డ కొడుకు ముందుకు ముసలాయన చెయ్యి చాచాడు.

"కాగజ్ తియ్."

హైదర్ చేతిలో ఉన్న కాగితం అర్జీ ఒక్కటే. అదే ఇచ్చాడు. అబూబకర్ దాన్ని తలకిందులుగా పట్టుకుని ఆసాంతం పరిశీలించాడు. మోకాలి మీద పెట్టి ఒంటిచేత్తో మడిచి, చొక్కా జేబులో వేసుకుని, ఇక పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. "చాచా, నా తరఫు ఎప్పుడిడుస్తరు?" అని మహిపాల్ దూరం నుంచే మర్యాదగా అడిగాడు.

హైదర్ వెళ్ళి ప్రసాద్ గారి ఎదుట నిలబడ్డాడు. మాఫీ అడగాలి. ఏం చెయ్యాలో తోచక తల గోక్కున్నాడు. ఎదురుగా ఆయన కూడా తల గోక్కున్నారు.

ఈసారి హైదర్ కావాలనే ఇంకాసేపు గోక్కున్నాడు.