స్వాగతపు వరుసలో లేని టీచర్

మా తెలుగు టీచర్ పోయారని మొన్న చిట్యాల బస్సులో తెలిసింది. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. "గా కాన్వెంట్ కాలేజీల తెలుగు చెప్పే పంతులమ్మ లేదూ, తెల్లచీరామె, నల్గొండ దవాఖానల పానం ఇడిసిందట." నేను దిగవలసిన చోటు దాటిపోయింది. ఇంటికి వచ్చి చెబితే, అమ్మ చేటలో బియ్యం అలాగే వదిలేసి కూర్చుండిపోయింది.

ఆమె దగ్గర చదువుకున్న మీకు ఆ గొంతు గుర్తుండే ఉంటుంది. సన్నటి మనిషి, పెద్ద గొంతు. చిన్న వయసులోనే భర్త పోయాక చదువుకొని టీచరయ్యారు. ఒక గది కిరాయికి తీసుకొని ఒంటరిగా ఉండేవారు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు తెచ్చుకొని మా మధ్యనే కూర్చుని తినేవారు. ఎవరి గిన్నెలో కూర బాగుంటే వారితో "ఇయ్యాల నువ్వు నా సుట్టానివే" అనేవారు. ఇంగ్లీషు పాఠాలు చదివి చదివి మేం తెలుగును కూడా ముక్కుతో పలికితే, "మాట నోట్లకెల్లి రావాలె బిడ్డా, ముక్కుకు వేరే పనున్నది" అని నవ్వించేవారు.

నాకు నలుగురిలో నోరు పెగిలేది కాదు. అటువంటి నన్ను, కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వస్తున్న కొత్త మదర్‌కు స్వాగతం చదవడానికి ఎంచుకున్నది ఆమే. మదర్ కేరళ నుంచి వస్తున్నారు, తెలుగు రాదు. అయినా స్వాగతం తెలుగులోనే ఉండాలని టీచర్ పట్టుబట్టారు. "అర్థం గాకున్నా సరే. ఏ ఊరికొచ్చిందో చెవులకన్న తెల్వాలె." తానే రాశారు. రోజూ క్లాసులు అయిపోయాక నన్ను బావి వెనుక గోడ ముందు నిలబెట్టి చదివించారు. "గోడకు చెప్పు. గోడ నవ్వదు." కొన్నాళ్లకు నా గొంతు నాకు వినబడింది. "ఆ దినం నేను నీ ఎదురుంగనే ఉంట. భయమైతే నా మొఖం సూడు, సాలు" అన్నారు.

ఇంటికి వచ్చిన ఆడమనిషికి బొట్టు పెట్టి లోపలికి పిలవడం మా వైపు రివాజు. వెళ్లిపోతున్న పాత మదర్ అందుకు సంతోషంగా ఒప్పుకున్నారు. తల్లులందరి తరఫున హారతి పళ్లెం పట్టుకొనే వంతు మా అమ్మకు వచ్చింది. నా స్వాగతం వినాలని అమ్మ పెళ్లినాటి పట్టుచీర కట్టుకొని మొదటి బస్సుకు నల్గొండ వచ్చింది.

గేటు దగ్గర వరుసలు కట్టాం. టీచర్ నా జడ రిబ్బను సరిచేస్తున్నారు. అమ్మ పళ్లెంతో దగ్గరికి వచ్చింది. అమ్మ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకింత సిగ్గు ఉండేది కాదేమో.

"ఏమనుకోకు పంతులమ్మా. కొత్తామె అడుగువెట్టే యాళ్ల ముండమో... మొగడు లేనామె ఎదురుంగుంటే మంచిగుండదు. సదువుకున్నదానివి, నీకు నేను చెప్పాల్నా? జర అవుతలికుండు."

టీచర్ చేయి నా జడ మీద ఆగింది. తర్వాత నవ్వారు.

"ఔ అక్కా. చాయ్ కాడ గూడ ఎవలో ఒకలుండాలె గద" అని, గేటు పక్కనే ఉన్న వంటగదిలోకి వెళ్లిపోయారు.

తెలుగు అంతగా రాని పక్కనున్న సిస్టర్లకు ఆ మాటలు అర్థం కాలేదు. అర్థమైన మేమంతా నేల చూశాం.

కారు వచ్చింది. కొత్త మదర్ దిగారు. అమ్మ హారతి తిప్పి, కుంకుమలో వేలు ముంచి, చేయి ఎత్తి ఆగిపోయింది. ఎదుట తెల్లటి బట్టలు, బొట్టు లేని నుదురు. ఆమె వెనుక సిస్టర్లు, అందరూ అంతే. అమ్మ వాళ్లను ఎరగనిది కాదు. కానీ ఆ క్షణమే మొదటిసారి చూసినట్టు చూసింది. పొరపాటు తనదే అనుకున్నారేమో, మదర్ ముసుగు కాస్త వెనక్కు జరిపి తల వంచారు. అమ్మ పెట్టిన బొట్టు వంకరగా పడింది.

మిగతావాళ్లు దండలు వేస్తుండగా అమ్మ పళ్లెం పక్కామె చేతిలో పెట్టి వంటగదిలోకి నడిచింది. తలుపు తీసే ఉంది. మాటలు నాదాకా వచ్చాయి.

"రా పంతులమ్మా. తప్పైంది. ముంగటికొచ్చి నిలబడు."

"వద్దక్కా."

"నా బిడ్డ నీ మొఖం సూడందే సదవలేదు."

"సదువుతది. నేను నేర్పిన." టీచర్ గొంతు మెత్తగానే ఉంది. "పొద్దున నా అంతట నేనొచ్చి నిలబడ్డ. ఇప్పుడొస్తే నువ్వు రానిచ్చినట్టయితది. నువ్వు పో, పోయి ఇను."

ఆ తర్వాత ఎప్పుడు కలిసినా ఆమె అమ్మను "బాగున్నవా అక్కా" అని ముందుగా పలకరించేవారు. జవాబు చెప్పడానికి అమ్మ ప్రతిసారీ తడుముకొనేది. నేను ఇప్పుడు పిల్లలకు పాఠం చెబుతున్నాను, నలుగురిలో మాట్లాడగలుగుతున్నాను. ఆ గొంతు టీచర్ ఇచ్చిందే. దాన్ని మొదటిసారి ఎత్తిన రోజు తలచుకుంటే మాత్రం ఇప్పటికీ తల వాలిపోతుంది.

ఆ రోజు దండలు వేయడం అయ్యాక నా పేరు పిలిచారు. మదర్ వైపు తిరగవలసినదాన్ని, వంటగది కిటికీ వైపు తిరిగి చదివాను. లోపల టీచర్ కప్పుల్లో చాయ్ పోస్తున్నారు. నేను పలికే ప్రతి మాటకూ ఆమె పెదవులు కదులుతున్నాయి. చూపు కప్పు మీద లేదు. చాయ్ పొర్లి బల్ల మీదికి కారుతోంది. నన్ను వినడానికి వచ్చిన అమ్మ ఒక్కసారీ తలెత్తలేదు. టీచర్ పక్కన నిలబడి, పట్టుచీర కొంగుతో ఆ చాయ్ తుడుస్తోంది.