పండుగకు ముందరి మామిడిపండు

పిల్లల సంక్షేమం ఆఫీసోళ్లు నన్ను ఫోస్టర్ తల్లి అనేటోళ్లు. మా వాడకట్టోళ్లేమో ఎవరి పిల్లనో సాకుతుందనేటోళ్లు. రెండూ నిజమే. పిల్లను సాకి నేను అలసిపోలేదు గానీ ఆ ఆఫీసు మెట్లు ఎక్కి దిగి మాత్రం అలసిపోయిన. పిల్లను దత్తతకు ఇడువరు, సొంతింటికి పంపరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననియ్యదు అన్నట్టుండేది వాళ్ల యవ్వారం.

పిల్లకు ఐదేండ్లుంటయి. భద్రాచలం అవతల అడివిల కోయగూడెం వాళ్లది. తల్లి మిరపకాయలు ఏరే కూలికని బోనకల్ దిక్కు వచ్చి, అక్కడ ఒకనితోని ఉన్నది. వాడు తాగొచ్చి పిల్లను బెల్టుతోని కొట్టేటోడట. పక్క గుడిసె ఆమె చూడలేక హెల్ప్‌లైనుకు ఫోన్ చేసింది. ఆఫీసోళ్లు పోయి పిల్లను తెచ్చి, ఖమ్మంల మా ఇంట్ల పెట్టిండ్రు. తల్లి వానితోనే ఎటో పోయింది. మొదటిసారి పిల్లకు నీళ్లు పోసేటప్పుడు ఆ వీపు మీద బెల్టు వాతలు చూసిన. వాడు దొరికితే ఏం చేసేదాన్నో నాకే తెల్వదు.

ఎండలు ముదిరేసరికి పిల్ల నా కొంగు పట్టుకొని తిరుగుడు మొదలుపెట్టింది. మా ఆయన బస్ డిపోల మెకానిక్. ఆయన వచ్చే యాళ్లకు పోయి గేటు కాడ నిలబడేది. మాకు పిల్లలు లేరు. మిగతాది నేను చెప్పనక్కర లేదు.

మామిడిపండ్లు వచ్చినంక మొదలైంది లొల్లి. పిల్ల పండు ముట్టదు. బంగినపల్లి ముక్కలు కోసి పెట్టిన, రసాలు పిండి గ్లాసుల పోసిన. ఎందుకే అంటే పెదవులు బిగించేది, దానికి తెలుగు అంతంతే. అది సరే, నేను తింటుంటే నా చెయ్యి పట్టి గుంజేది. ఒకనాడు నా చేతులున్న టెంక లాక్కొని గోడవతలికి ఇసిరేసి, ఒకటే ఏడుపు. ఇంత మొండితనం ఏందే నీకు అని కసురుకున్న.

అప్పుడప్పుడు ఇంటికొచ్చి పిల్లను చూసిపోయే కౌన్సిలర్ మేడంకు ఈ సంగతి చెప్పిన. ఆమె పిల్లను ఒళ్లె కూసోబెట్టుకొని, పండు తింటే ఎవరన్న కొడతరా అని మెల్లగ అడిగింది. పిల్ల తలూపింది. ఎవరు అంటే, అమ్మమ్మ అన్నది. గూడెంల ఉన్న ఆ అమ్మమ్మ అప్పటికే, నా మనవరాలిని నాకియ్యమని, పిల్లల సంగతి తేల్చే కమిటీకి అర్జీ పెట్టుకున్నది. మేడం మొఖం మారిపోయింది. పండు తిన్నా కొట్టే ఇంటికి మళ్లెట్ల పంపుతం అన్నది. కమిటీ ఆ ముసలామెకు ఇయ్యకపోతే దత్తతకు ఇడుస్తరు, మీరు కూడా అడగొచ్చు అని పోతపోత ఆశ పెట్టింది. అబద్ధమెందుకు, ఆనాడు నాకు సంతోషంతోని అన్నం సయించలేదు.

కమిటీ కూసునే రోజు పిల్లకు కొత్త గౌను తొడిగి తీసుకపోయిన. ముసలామె బస్సులు మారి వచ్చి, అప్పటికే వరండాల కూసున్నది. పిల్ల నా చెయ్యి ఇడిపించుకొని ఉరికింది. కొట్టే మనిషి కాడికి గట్ల ఉరుకుతరా అని నా మనసు అప్పుడే పీకింది. ముసలామె కొంగుముడి ఇప్పి ఒక చిన్న నాటు మామిడిపండు తీసింది. పిల్ల వాళ్ల భాషల ఏందో అడిగింది, ఆమె తలూపింది. ఇగ చూడు, తొక్కతోని సహా కొరికింది. రసం మోచేతి దాకా కారి కొత్త గౌను ఆగమైంది.

నేను ముసలామె పక్కన కూలబడి, మా ఇంట్ల ఎందుకు ముట్టలేదని అడిగిన. ఆమె నన్నే వింతగ చూసింది.

"మామిడి పండుగ మొన్ననే అయ్యింది గద బిడ్డా. దేవతకు పెట్టకముందు ఎట్ల తింటది?"

ముందే తింటే అమ్మమ్మ కోప్పడతది. పసిదానికి గదే గుర్తున్నది.

లోపలికి పిలిచిండ్రు. నోరు మూసుకొని కూసుంటే పిల్ల నాకు దక్కేదేమో. పండు తింటే అమ్మమ్మ కొడతదట అని మేడం చెప్పింది. కమిటీ పెద్దసారు ముసలామెను అడిగితే, అంతమంది ముందర ఆమెకు తెలుగు తడబడ్డది. ఇగ నేనే లేచిన. పండుగ సంగతంత చెప్పిన. ఏకాదశి నాడు మీ అమ్మ అన్నం తినకపోతే ఆమెను ఎవరో కొడుతున్నరని రాసుకుంటరా అని కూడా అన్న. నా నోరు గంతే. మేడం చిన్నబోయింది, పాపం. గూడెం అంగన్‌వాడీ టీచరుకు ఫోన్ చేసి అడిగిండ్రు, ఆమె కూడా అదే చెప్పింది. పిల్లను అమ్మమ్మకు అప్పజెప్పిండ్రు.

బస్టాండు దాకా నేనే తోలుకపోయిన. బస్సు కాడ పిల్ల నా దిక్కు చూపించుకుంట అమ్మమ్మను ఏందో అడుగుతనే ఉన్నది, కండ్ల నిండ నీళ్లు. నన్ను ఇడిసిపోతున్నందుకు ఏడుస్తుందనుకున్న. ఎందుకు దాచాలె, లోపల్లోపల సంతోషపడ్డ. ఏమంటుందని అడిగిన.

"నువ్వు పండుగ కాకముందే తిన్నవంట. నీకేమన్న అయితదని భయపడుతుంది."

గన్ని రోజులు నా చెయ్యి గుంజింది గందుకు. ముసలామె కొంగులకెల్లి ఇంకో పండు తీసి, చిన్న ముక్క తుంచి నేల మీద పెట్టి, ఏందో గొణిగి, మిగిలింది నా చేతుల పెట్టింది.

నేను తినేదాక పిల్ల బస్సెక్కలేదు.