గరాజ్ ఫ్రిజ్‌లోని మీట్‌లోఫ్

నాకు తొమ్మిదేళ్లప్పుడు... టెక్సస్‌లోని ప్లేనోలో శుక్రవారం స్కూల్ బస్ దిగితే చాలు, మా గుమ్మం దాకా బార్బెక్యూ సాస్ వాసన.

అమ్మ మీట్‌లోఫ్ చేసేది. పక్కింటి అమెరికనావిడ డెబ్బీ గారి దగ్గర నేర్చుకుంది. ఆవిడ బీఫ్‌తో చేస్తే అమ్మ చికెన్ కీమాతో. పాలల్లో నానబెట్టి పిండిన బ్రెడ్, గుడ్డు, సన్నగా తరిగిన ఉల్లిపాయ... ఆ పైన అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర పడాల్సిందే. అన్నీ కలిపి పిసికి, దిమ్మలా అద్ది, సాస్ పూసి ఓవెన్‌లో పెట్టేది. గంటసేపు ఓవెన్ ముందే కూర్చునేదాన్ని. మసిగుడ్డతో బయటికి తీశాక అంచు ముక్క నాకే. సాస్ కాస్త మాడి, నల్లగా, తియ్యగా...

ఆ మార్చిలో అమ్మ పోయింది. జబ్బు బయటపడ్డాక మూడు నెలలే ఉంది.

ఊళ్లోని తెలుగు ఆంటీలు వంతులేసుకుని పప్పు, చారు తెచ్చేవారు. మైల కదా, ఉల్లి వెల్లుల్లి కూడా లేవు. ఎనిమిదో రోజున డెబ్బీ గారు ఫాయిల్ కప్పిన గాజు గిన్నెలో మీట్‌లోఫ్ తెచ్చారు. మనిషి పోయిన ఇంటికి వండి తేవడం వాళ్ల పద్ధతి. మన మైల సంగతి ఆవిడకేం తెలుసు పాపం. అమ్మ స్నేహితురాలు విజయ ఆంటీ తలుపు తీసి, గిన్నె ముట్టుకోడానికే జంకింది. తెచ్చినావిడ మనసు కష్టపెట్టొద్దు, గరాజ్ ఫ్రిజ్‌లో పెడదాం, తర్వాత పారేయొచ్చు అన్నారు నాన్న.

ఆ వాసన నన్ను వదల్లేదు. అది అమ్మ వాసనండీ, ఏం చెయ్యను... సాయంత్రం అందరూ హాల్లో ఉండగా గరాజ్‌లోకి వెళ్లి, అంచు ముక్క విరిచి, చల్లగానే తిన్నాను. బీఫ్ అని తెలుసు. తెలిసే తిన్నాను, ఏడుస్తూ తిన్నాను. మర్నాడు చూస్తే గిన్నె లేదు. విజయ ఆంటీ పారేసి ఉంటుందనుకున్నాను.

పదో రోజు పెరట్లో పిండం పెట్టారు. కాకి ముడితే అమ్మ తిన్నట్టేనని నాకు చెప్పారు. మా వైపు కాకులు తక్కువ, నల్లపిట్టలే ఎక్కువ. కంచె మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఏదో కోరిక మిగిలిపోయి ఉంటుంది అంది ఆంటీ. నాన్న చేతులు జోడించారు.

"సుజాతా... పాపని నేను చూసుకుంటాను. వచ్చి తిను."

రెండు గంటలు నిలబడ్డాం. ఏదీ రాలేదు.

నా వల్లే అని నాకు తెలిసిపోయింది. మైలలో మాంసం తిన్న పిల్ల ఉన్న ఇంట్లో అమ్మ ఎలా తింటుంది? అమ్మని ఆకలితో పంపేశాను. ఇరవై రెండేళ్లు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో ఆ సాస్ సీసా మళ్లీ కనబడలేదు. నాన్న కొనలేదు, నేను అడగలేదు.

ఇప్పుడు నేను నార్త్ కరోలినాలోని క్యారీలో ఉంటున్నాను. మొన్న శనివారం నాన్న వచ్చి ఉండగా, మా పాప స్నేహితురాలింట్లో తినొచ్చి మీట్‌లోఫ్ కావాలని పేచీ పెట్టింది. చేశాను, అచ్చం అమ్మ చేసినట్టే. వాసన రాగానే నాన్న వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. ఇక నా వల్ల కాలేదు... అంతా చెప్పేశాను.

ఆయన పక్క కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టారు.

"మిగతాదంతా తిన్నది నేనే బుజ్జీ... అంచు ముక్క లేదని చూసే స్థితిలో కూడా లేను. గిన్నె కడిగి ఆవిడకిచ్చొచ్చాను. పిట్ట రాకపోతే నా వల్లే అనుకున్నా, ఇన్నాళ్లూ."

ఆ రోజు పెరట్లో పక్కపక్కనే నిలబడ్డాం కదండీ ఇద్దరం! ఒక్క మాట అనుకోలేకపోయాం.

అంచు ముక్క కోసి ఇంటి వెనక చెక్క డెక్ మీద పెట్టాం. కాకి రాలేదు. అది చల్లారాక లోపలికొచ్చి మిగతాది తిన్నాం.

ఇప్పుడు మనిషి పోతే, తిండి తెప్పించుకోమని ఆ ఇంటివాళ్ల ఫోన్‌కి కూపన్ వస్తోంది. గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాళ్లు ఏరీ... మీ ఇంట్లోనూ ఇలా ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నది ఉంటే కింద కామెంట్లలో రాయండి. కానీ ఆ మనిషి ఇంకా పక్కగదిలోనే ఉంటే, ముందు లేచి వెళ్లి వాళ్లకి చెప్పండి. డెబ్బై దాటిన మా నాన్న ఆ రాత్రి, అన్నేళ్ల తర్వాత, అమ్మని పేరు పెట్టి పిలుస్తూ గట్టిగా ఏడ్చారు.