మొదటి పన్ను మీద సుద్దగీత

నిన్న సాల్ట్ లేక్‌లో అద్దెకారు డ్రైవరు తాళం తిప్పగానే ఇనుము ఇనుమును కొరికినట్టు గరగరమంది. "ఏం కాదు మాషీమా," అన్నాడు, బెంగాలీలో పిన్నిగారూ అని. ఏం కాదనేవాళ్లను నేను నమ్మను. కానీ ఆ చప్పుడుకి ఖిదిర్‌పూర్‌లో కార్లు బాగుచేసే సింహాచలం మిస్త్రీ షెడ్డు, ఆయన చెవి వెనక ఎప్పుడూ ఉండే సుద్దముక్క గుర్తొచ్చాయి.

రోజూ కరెంటు పోయే ఆ రోజుల్లో మావారు టాక్సీ నడిపేవారు. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఉన్నట్టుండి బండి మొరాయించడం మొదలుపెట్టింది. తాళం తిప్పితే గరగరమనడమే. గేరులో వేసి జానెడు ముందుకు నెట్టి మళ్లీ తిప్పితే అంటుకునేది. ఎవరో మెకానిక్ స్టార్టరు మోటారు మార్చాడు. సరిగ్గా పదకొండో రోజున చప్పుడు మళ్లీ వచ్చింది. అందుకే సింహాచలం మిస్త్రీ "మోటారు కాదమ్మా, ఫ్లైవీలు" అన్నప్పుడు, ఈయన రెండో దొంగ అనుకున్నాను.

ఆయన శ్రీకాకుళం వైపు మనిషి. గేరుబాక్సు దించి, ఇంజను వెనకుండే ఆ బరువైన చక్రాన్ని ఊడదీసి నా ముందు పెట్టాడు.

"సూడండి టీచరమ్మా. ఇంజను ఆగినప్పుడల్లా ఇంచుమించు ఈ రెండు సోట్లే ఆగుతాది. మోటారు ఎప్పుడూ ఈ పళ్లనే కొరుకుతాది. నెడితే మంచి పళ్లు ముందుకొస్తాయి, అంతే."

అంచు చుట్టూ ఉన్న పళ్లు రెండు చోట్ల అరిగి మొండిగా ఉన్నాయి. ఆయనే ఆకురాయితో అరగదీశాడేమో, ఇనుపరజను వాసనొస్తుందేమోనని ముక్కు పెట్టి కూడా చూశాను. పళ్లు లెక్కపెట్టి రాసుకున్నాను: నూట ఇరవై.

మర్నాడు బడి వదిలి వెళ్లేసరికి కొత్త ఫ్లైవీలు బిగించేసి ఉంది, గేరుబాక్సు ఇంకా ఎక్కించలేదు. వంగి, కాగితం పట్టుకుని లెక్కపెట్టాను. నూట ఇరవై ఒకటి.

"నన్ను ఎర్రిదాన్ని చేద్దామనుకున్నారేటి? ఇది వేరే బండిది!" అని అరిచాను. పక్కనున్న డ్రైవర్లు మూగారు. "పళ్ల డాక్టరు దిదీ వచ్చారు!" అని ఒకడు నవ్వాడు. మిస్త్రీ నవ్వలేదు. అక్కడున్న మా తెలుగువాళ్లలో నా మాటకు విలువుండేది. నేను దొంగ అంటే ఆ షెడ్డుకి ఇంకో బండి రాదు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన ఆరు బోల్టులూ విప్పి, చక్రాన్ని వెలుగులోకి తెచ్చాడు. ఒక పన్ను మీద సుద్దతో గీత గీశాడు.

"ఇక్కణ్ణించి లెక్కెట్టండి. పైకే లెక్కెట్టండి, అందరూ ఇంటారు."

పైకే లెక్కపెట్టాను. గీత దగ్గరికి తిరిగొచ్చేసరికి నూట ఇరవై.

"మొదలెట్టిన పన్నుని మళ్లీ లెక్కేసేసేరు టీచరమ్మా," అన్నాడు మెల్లగా. "అనుమానపడండి, పర్లేదు. నా బండైతే నేనూ పడతాను. ఎక్కడ మొదలెట్టేరో గుర్తెట్టుకోండి సాలు."

ఆరు బోల్టులూ మళ్లీ బిగించేదాకా బండి కింద ఆయనకు టార్చి పట్టాను. ఆ బండి మళ్లీ గరగరమనలేదు. అనుమానం మాత్రం నాలో ఏమీ తగ్గలేదు. కానీ ఎవరిమీదైనా వేలు చూపించే ముందు ఇంకోసారి, ఈసారి గీత పెట్టుకుని, లెక్కపెడతాను.

నిన్న దిగేటప్పుడు, "ఫ్లైవీలు పళ్లు చూపించుకో బాబూ," అన్నాను.

"మోటారు కొత్తదే మాషీమా. మిస్త్రీయే మోసం చేసుంటాడు."

చేసి ఉండొచ్చు. సంచిలో ఎప్పుడూ ఉంచుకునే సుద్దముక్క తీసి అతని చేతిలో పెట్టాను.