మానెడు తవుడుకు కొన్న పిల్ల

మొన్న పట్నంలో చదువుకునే పిల్ల ఒకతె కాగితాల కట్ట పట్టుకొని మా ఇంటికి వచ్చింది. కన్నవాళ్ల దగ్గర కాకుండా వేరేవాళ్ల ఇళ్లలో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో ఊరూరా తిరిగి రాసుకుంటున్నదట. ఎవరో నా ఇల్లు చూపించారు. సాదినవాళ్లు నన్ను కొట్టేవాళ్లా అని ఒక ప్రశ్న. అవును, కాదు అని రెండు గడులు. అవును అన్నాను. గీత పెట్టుకొని తరువాతి ప్రశ్నకు పోయింది. ఆమె తప్పేమీ లేదు, ఆ గడి అంతే ఉంది. పోతూ పోతూ నాలుగు కాగితాలు మరిచిపోయింది. వెనకవైపు ఖాళీగానే ఉన్నాయి. పారేయడానికి మనసొప్పక వాటి మీదే ఇది రాస్తున్నాను. నేను వీధిబడిలో చదివింది రెండు వానకాలాలు. అక్షరాలు వంకరగా ఉంటాయి.

మాది కేతేపల్లికీ నకిరేకల్‌కూ నడుమ ఒక ఊరు. నైజాం రోజులు. నాకంటే ముందు మా అమ్మకు ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. పురుడు తీరేదాకా కూడా ఒక్కరు నిలవలేదు. అట్లాంటి ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే పెంటకుప్ప మీద వేసి అమ్మడం మా దిక్కు ఆనవాయితీ. చావు వెతుక్కుంటూ వస్తే, ఈ తల్లికి బిడ్డే లేదని తిరిగిపోవాలి. నన్నూ చేటలో పెట్టి పెంట మీద ఉంచారు. ఎదురింటి ఆమెకు ఆరుగురు పుట్టి ఆరుగురూ బతికారు. అందుకని ఆమెనే పిలిచారు. ఆమె మానెడు తవుడు మా అమ్మ కొంగులో పోసి నన్ను ఎత్తుకుంది. వాడకట్టు ఆడవాళ్లంతా చూశారు. పొద్దు గూకక ముందే, సాదమని చెప్పి మా అమ్మకే తిరిగి ఇచ్చింది. ఆ తవుడు మా బర్రె తిన్నది.

అప్పటినుంచి మా ఇంట్లో నన్ను ఎవరూ బిడ్డా అనలేదు. అడిగినవాళ్లకు, ఎదురింటామె పిల్ల, మేం సాదుతున్నాం అని చెప్పేవారు. అమ్మను నేను అక్కా అని పిలవాలి. ఎదురింటామెను అమ్మా అనాలి. నాయినను ఏమని పిలవాలో ఎవరూ చెప్పలేదు. ఏమీ పిలవకుండానే పని గడుపుకునేదాన్ని.

నాకు ఏడేళ్లప్పుడు ఊళ్లో గత్తర, అదే కలరా, తగిలింది. వాంతులు మొదలైన పూటే అమ్మ పోయింది. నాయిన మర్రిగూడ దిక్కు బావి తవ్వే పనిలో ఉన్నాడు. మూడో రోజుకు గాని రాలేదు. అప్పటికే ఎదురింటామె నా పాత పరికిణీలు మూటగట్టి పెట్టింది. ఆమె కూతుళ్లు అత్తగారిళ్లకు పోయారు, ఇంట్లో బర్రెలు ఉన్నాయి, పేడ తీసే చేయి కావాలి. నా పిల్లను నేను తీసుకపోతా అంది. నాయిన తలొంచుకొని నిలబడ్డాడు. ఆయన అనగలిగిన మాట ఒక్కటే ఉంది, నా బిడ్డ అని. ఆ మాట అంటే నేనూ చస్తానని ఆయన నమ్మకం. నాలుగో రోజు తిరిగి బావి పనికి పోయాడు.

ఆమె ఇంట్లో మూడేళ్లున్నాను. కడుపు మాడ్చలేదు. తన కొడుకులకు ఎంత జొన్న గటక పెట్టిందో నాకూ అంతే పెట్టింది. అది రాయకపోతే అబద్ధమవుతుంది. గింజ కింద పడకుండా చెరగడం, ఒక పిడకతో రెండు పొయ్యిలు నడపడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కొట్టడం మాత్రం ఆమె పొదుపుగా చేసేది కాదు. తంగేడు బరిగె నేనే విరుచుకొని రావాలి. సన్నది తెస్తే దాంతో కొట్టి, లావుది తెమ్మని మళ్లీ పంపేది. పక్క తడుపుతున్నానని అట్లకాడ కాల్చి పిక్క మీద వాత పెట్టింది. ఎదురు మాట్లాడానని గోనె కప్పి లోపల మిరపకాయల పొగ వేసింది. దెబ్బ పడ్డప్పుడు ఎవరైనా అమ్మా అనే ఏడుస్తారు. నేనట్లా ఏడిస్తే ఆమెను పిలిచినట్టయ్యేది. అందుకని అక్కా అని ఏడ్చేదాన్ని. ఎవరిని పిలుస్తున్నానో ఆమెకు తెలుసు. ఇంకో రెండు ఎక్కువ పడేవి.

నేనూ నా పిల్లలను కొట్టాను. దాచడానికేముంది. కాని బరిగె తెమ్మని వాళ్లను ఎప్పుడూ పంపలేదు.

పదో ఏట ఒక రోజు నెయ్యి కాచి పెట్టిన గురిగి నా చేతిలోంచి జారి పగిలింది. ఆమె అప్పుడే సజ్జలు దంచుతున్నది. చేతిలో ఉన్న రోకలితోనే కొట్టింది. అడ్డం పెట్టిన ఎడమ చేయి మోచేతి కింద విరిగింది. ఎండిన చొప్ప విరిచినట్టు చప్పుడైంది. నెయ్యి పోయిందని ఆమె ఇంకా తిడుతూనే ఉంది. నేను మట్టిలో పడిన నెయ్యిని మంచి చేత్తో ఎత్తి గిన్నెలో వేస్తూ కూర్చున్నాను.

ఎవరో మర్రిగూడకు పోయేవాళ్లతో నాయినకు కబురు పంపారు. రెండో రోజు మధ్యాహ్నం వచ్చాడు. కాళ్లకు బావిమట్టి అట్లనే ఉంది. రుమాలులో మూట కట్టి తెచ్చింది అరుగు మీద పెట్టాడు.

"తవుడు తెచ్చిన వదినె. మానెడు కంటే ఎక్కువనే ఉంది, కొలుసుకో. పిల్లనియ్యి."

ఆమె మూట వైపు చూడలేదు. వాకిట్లోకి వాడకట్టంతా వచ్చి నిలబడింది.

"నేనేమన్న తవుడు దుకాణం పెట్టిన్నా? కన్నోనివైతే నా బిడ్డ అను. గీ నలుగుట్ల ఒక్కసారి అని తోలుకపో. గింజ గూడ నాకొద్దు."

నాయిన పెదవులు కదిలాయి. కుండలా వాచిన నా చేతిని చూశాడు, మళ్లీ నేల చూశాడు. పోయిన ముగ్గురిని పాతిపెట్టింది ఆయన చేతులే.

"అనవు. నీది గానప్పుడు నీకేం నొప్పి? నా పిల్ల, నేను కొట్టుకుంట."

గోడకు ఆనించిన రోకలి తీసుకుంది. మొదటిది నా వీపు మీద పడింది. రెండోది తొడ మీద. ఒక ముసలాయన ఇగ చాలు తల్లీ అన్నాడు గాని కదలలేదు. ఎవరూ కదలలేదు. వాళ్లంతా తవుడు పోసిన రోజు చూసినవాళ్లే. మూడోసారి రోకలి లేచినప్పుడు నాయిన వచ్చి దాన్ని పట్టుకున్నాడు. ఆమె వదలలేదు. ఇద్దరూ గుంజుకున్నారు. ఆయన బండలు మోసే మనిషి. ఒక్క ఊపున లాగి తిరిగి తోశాడు. రోకలి కొసకున్న ఇనుప పొన్ను పోయి ఆమె నోటికి తగిలింది. ఆమె అరుగు మీద వెనక్కి పడింది, మూట విడిపోయి తవుడు చెదిరింది. ఉమ్మితే నెత్తురుతో రెండు పళ్లు ఆ తవుడులోనే పడ్డాయి. ఆమె కొడుకు ఒకడు నాయిన మీదికి ఉరికి మెడ మీద గుద్దాడు. నాయిన తిరిగి కొట్టలేదు. మోకాళ్ల మీద పడి నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"నా బిడ్డ" అన్నాడు. "గిది నా బిడ్డ. నేను కన్న."

గట్టిగా అనలేదు. మనుషులకు వినబడాలి, పైన ఇంకెవరికీ వినబడొద్దన్నట్టు అన్నాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, చాలు తోలుకపొమ్మని చేత్తో సైగ చేసింది.

పక్క ఊళ్లో కట్లు కట్టే ఆయన దగ్గరికి నాయిన నన్ను భుజాన వేసుకొని నడిచాడు.

"అన్న బిడ్డా. నా నోటితోనే అన్న. ఇగ ఉంటవో పోతవో" అని దారిలో ఒక్కసారి అన్నాడు.

కోడిగుడ్డు సొన, మినప్పిండి కలిపి పట్టువేసి, వెదురు బద్దలు పెట్టి కట్టారు. ఎముక అతికింది గాని వంకరగా అతికింది. ఇప్పటికీ ఆ చేత్తో బిందె ఎత్తలేను. నాయిన బావి పని మానేసి ఊళ్లోనే కూలికి పోయాడు. నాకు దగ్గు వచ్చినా, ఒళ్లు వెచ్చబడినా పని వదిలి వచ్చి గడప మీద కూర్చునేవాడు.

కట్టు విప్పిన రోజు, ఇగ భయం లేదనుకొని, నాయినా అని పిలిచాను. ఆయన అటూ ఇటూ చూసి నా నోటికి చేయి అడ్డం పెట్టాడు. "ఒర్రకు. ఇంకొక్క ఏడు ఆగు" అన్నాడు.

ఆగాను. మరుసటి ఏడు జొన్న కోతల్లో, చేనులో మేమిద్దరమే ఉన్నప్పుడు, కొడవలి పక్కన పెట్టి, "ఇగ పిలువు" అన్నాడు. పిలవబోతే నోరు రాలేదు. నీళ్ల ముంత అందించాను. ఆయన ముంత పట్టుకొని, తాగకుండా, చాలాసేపు నా ముఖమే చూస్తూ నిలబడ్డాడు.