కాటా దగ్గర ప్రశ్నార్థకాలు

జగ్గయ్యపేట పత్తి మిల్లులో బళ్లు తూచే కాటా దగ్గర మా అక్క కంప్యూటర్ ఆపరేటర్. ఆ కాటా ప్రోగ్రామ్ రాసింది నేను. పత్తి సీజన్లో అది రోజూ మధ్యాహ్నానికి హ్యాంగ్ అయిపోయేది. వీరులపాడు ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరి ఉండేవి. పైన చూస్తే మబ్బు.

"ప్రోగ్రామే తప్పయితే పొద్దున్నే ఆగాలిగా? నువ్వే ఏదో నొక్కుతున్నావమ్మా. ఇంకోసారి ఆగిందంటే వేరే మనిషిని చూసుకుంటా" అన్నాడట ఓనరు.

అక్క ఫోన్లో ఏడ్చింది. ఆ జీతం మీదే వాళ్ల ఇల్లు నడుస్తోంది. వెంటనే నందిగామలో బస్సెక్కి మిల్లు దగ్గర దిగాను.

ప్రోగ్రామ్ వాడుకున్న మెమరీని ఎక్కడ తిరిగి ఇవ్వడం లేదో పట్టే టూల్ ఒకటుంది. ప్రోగ్రామ్‌ని ఆ టూల్‌తో నడిపి, కొన్ని బళ్లు తూచాక ఆపాను. లీకు ఉందంది. ఎక్కడుందో చెప్పాల్సిన చోట మాత్రం అన్నీ ప్రశ్నార్థకాలే. వెనక నిలబడ్డ ఓనరు నవ్వాడు.

"దానిక్కూడా తెలీదన్నమాట!"

నాకు ఒళ్లు మండింది. అక్క ఉద్యోగం గుర్తొచ్చి మళ్లీ స్క్రీన్ వైపు తిరిగాను.

కాసేపటికి బుర్ర పనిచేసింది. బరువు చదివే షేర్డ్ లైబ్రరీ, అంటే నా ప్రోగ్రామ్ బయటినుంచి తెచ్చి వాడుకునే కోడ్, నాది కాదు, కాటా అమ్మినవాళ్లు ఇచ్చింది. నా ప్రోగ్రామ్ ప్రతి బండికీ దాన్ని తెచ్చుకుని, పని కాగానే వదిలేస్తుంది. టూల్ చివర్లో లెక్క తీసేసరికి అది మెమరీలోనే ఉండదు. ఇల్లు ఖాళీ చేసి పోయినవాళ్ల పేరు ఎవరు చెబుతారు? వదిలేసే ఆ ఒక్క లైనూ తీసేసి మళ్లీ నడిపాను. నా కోడ్ పేరే వస్తే ఓనరుకి ఏం చెప్పను, అక్కకి ఏం చెప్పను?

లైబ్రరీలోని ఫంక్షన్ పేరు వచ్చింది. బండి తూచినప్పుడల్లా అది కొంత మెమరీ తీసుకుని అట్టే పెట్టుకుంటోంది. మధ్యాహ్నానికి కంప్యూటర్ మెమరీ నిండిపోతోంది. ఓనరుకి చూపించి చెప్పాను. ఆయన అక్కతో ఒక్క మాటా అనకుండా, కాటా అమ్మినవాళ్లకి ఫోన్ కలుపుతూ బయటికి వెళ్లాడు.

"అయితే నా వేలు కాదుగా తమ్ముడూ?"

"నీ వేలికీ దీనికీ సంబంధమే లేదక్కా."

తర్వాతి ట్రాక్టర్ కాటా ఎక్కింది. అక్క బటన్ దాకా వేలు తెచ్చి ఆగింది. తలుపు వైపు చూసింది. ఓనరు ఇటు చూడటం లేదని తెలిశాకే నొక్కింది.