ఎనభయ్యో పోర్టులో నాన్న

వెబ్‌సైట్లు తయారుచెయ్యడం నేర్చుకుందామని రైల్వే వాళ్లుండే ఝపటాపూర్‌లో మా ఇంటి విండోస్ కంప్యూటర్‌లో లోకల్ సర్వర్, అంటే వెబ్ పేజీలు చూపించే ప్రోగ్రాం, పెట్టబోయాను. ఆ పేజీలకు ద్వారం లాంటి ఎనభయ్యో పోర్టులో ఇప్పటికే ఇంకో సర్వర్ నడుస్తోందని తెరమీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. అదేమిటో చూద్దామని బ్రౌజర్‌లో ఈ కంప్యూటర్ సొంత చిరునామా, లోకల్‌హోస్ట్ అని కొట్టాను. తెలుగులో ఒక పేజీ తెరుచుకుంది.

ఎవరో మా కంప్యూటర్‌లోకి చొరబడ్డారనుకున్నాను. కిందికి జరిపితే రైల్వే వర్క్‌షాప్‌లో నాన్నతో పనిచేసిన ఫిట్టర్ల పాత ఫొటోలు. ఒక్కొక్కరూ ఏ పనిలో దిట్టో, ఎలా నవ్వేవారో పక్కనే రాసి ఉంది.

"నానా, ఇదేటి?" అని కేకేశాను.

పెరట్లోంచి వచ్చిన నాన్న కంగారుపడిపోయారు. "దాన్ని తీసీకు తల్లీ. నానే పెట్టినాను. రిటైరయినాక వీడియోలు సూసి నేర్సుకున్నాను."

ఫోన్‌లో మెసేజ్ పెట్టడానికి కూడా నన్ను పిలిచే మనిషి!

"మరి నాకు సెప్పలేదేటి?"

"తప్పులుంటే నవ్వుతావని."

సిగ్గేసింది. నిజంగానే నవ్వి ఉండేదాన్ని. నాన్న కుర్చీ లాక్కుని కూర్చుని, సెట్టింగుల ఫైల్ తెరిచి, నా సర్వర్‌కి వేరే పోర్టు నంబరు ఇచ్చారు. అది నడిచింది. కానీ ఆ రోజంతా నేను ఆయన పేజీయే చదువుతూ కూర్చున్నాను.